బెల్టు కనెలోదే, ఎవరితో కొట్లాడాలో చెప్పే హక్కూ కనెలోదేనా?

హన్మకొండ లెఫ్ట్‌హుక్:
పొద్దున ప్రాక్టీస్ అయ్యాక స్టేడియం బయట చాయ్ తాగుతూ మేం పెట్టుకునే లొల్లిని ఇవాళ ఇక్కడికి పట్టుకొచ్చా. అక్కడైతే గొంతు పెద్దగా ఉన్నోడే గెలుస్తున్నాడు.

విషయం ఇది. మెక్సికో బాక్సర్ కనెలో అల్వారెజ్ 2021 నవంబర్ 6న కేలెబ్ ప్లాంట్‌ను 11వ రౌండులో పడగొట్టి, 168 పౌండ్ల విభాగంలో నాలుగు సంస్థల (డబ్ల్యూబీసీ, డబ్ల్యూబీఏ, డబ్ల్యూబీఓ, ఐబీఎఫ్) బెల్టులూ సొంతం చేసుకున్నాడు. మన లెక్కలో అది 76 కిలోల చిల్లర. 2025 సెప్టెంబర్ 13న లాస్ వేగాస్‌లో టెరెన్స్ క్రాఫర్డ్ చేతిలో ఓడేదాకా ఆ బరువులో రాజు ఆయనే. ఈ మధ్యలో ఆ బరువులో ఎవరితో ఆడాడు? గోలోవ్‌కిన్‌తో మూడోసారి, తర్వాత జాన్ రైడర్, జెర్మెల్ చార్లో, హైమె ముంగియా, ఎడ్గార్ బెర్లాంగా, విలియం స్కల్. డేవిడ్ బెనావిడెజ్ పేరు ఇందులో లేదు. ఒక్క ఓటమి కూడా లేనోడు, డబ్ల్యూబీసీ ఇంటరిమ్ (తాత్కాలిక) బెల్టు పట్టుకుని అదే బరువులో ఏళ్ల తరబడి ఎదురుచూసినోడు, చివరికి 2024లో విసిగిపోయి 175 పౌండ్లకు వెళ్లిపోయాడు.

నా మటుకు నాకు కనెలోను విమర్శించాల్సిందే. పిరికోడు అని కాదు. చాంపియన్‌గా చేయాల్సిన పని చేయలేదు అని.

కాజీపేట జంక్షన్:
అన్నా, లిస్టు చెప్పావు గానీ పక్కన ఉండాల్సిన వివరాలు అన్నీ వదిలేశావు.

రైడర్‌ను కనెలో ఏరుకోలేదు, అతను డబ్ల్యూబీఓ మ్యాండేటరీ, అంటే చాంపియన్ తప్పక ఆడాల్సిన పోటీదారు. చార్లో అప్పటికి 154 పౌండ్లలో తిరుగులేని చాంపియన్. ముంగియాకు అంతకుముందు 43 బౌట్లలో ఓటమే లేదు. స్కల్ అయితే ఐబీఎఫ్ చాంపియన్. అంటే బెర్లాంగా ఒక్కడినే సాఫ్ట్ ఫైట్ అనొచ్చు, వాడు కూడా అన్‌బీటెనే.

ఇంకో మాట. 2022 మేలో ఏం జరిగింది? నాలుగు బెల్టులు ఇంట్లో పెట్టుకుని, ఎవరూ బలవంతం చేయకుండా 175కు ఎక్కి అక్కడి చాంపియన్ బివోల్‌తో కొట్లాడి ఓడిపోయాడు. ముగ్గురు జడ్జీలూ 115-113 ఇచ్చారు. పారిపోయేవాడు చేసే పనేనా అది? 15 ఏళ్ల వయసులో ప్రొఫెషనల్ అయ్యి, 60కి పైగా బౌట్లు ఆడినోడిని పట్టుకుని నువ్వు వాడితో ఎందుకు ఆడలేదు, వీడితో ఎందుకు ఆడలేదు అని సోఫాలో కూర్చుని అడగడం మనకు మస్తు ఈజీ.

పైగా బెనావిడెజ్ అంత పెద్ద బాధితుడేం కాదు. 2020 ఆగస్టులో డబ్ల్యూబీసీ బెల్టు అతని దగ్గరే ఉంది. బరువు తూగలేక తక్కెడ మీదే పోగొట్టుకున్నాడు. ఆ బెల్టే అదే ఏడాది డిసెంబర్‌లో కాలం స్మిత్‌ను ఓడించి కనెలో గెలుచుకున్నాడు.

ములుగు రోడ్ ముచ్చట:
ఆదివారం పొద్దున లేచి స్కల్ బౌట్ చూసినోళ్లలో నేనొకణ్ని. ఆ నష్టం ఎవరిస్తరు? అది చెప్పుండ్రి ముందు.

ఇందూరు పంచ్:
మా నిజామాబాద్ వాళ్లకు ఈ చర్చ కొత్తదేం కాదు. 2019లో మేరీ కోమ్‌ను ట్రయల్ లేకుండానే ఒలింపిక్ క్వాలిఫయర్స్‌కు పంపాలని బాక్సింగ్ ఫెడరేషన్ ఆలోచన చేసింది. అప్పుడు మా నిఖత్ జరీన్ నేరుగా క్రీడల మంత్రికి లెటర్ రాసింది. నాకు ఫేవర్ ఏమీ వద్దు, న్యాయంగా ట్రయల్ పెట్టండి అని ఆమె అడిగింది. ఎంతమంది ఆమెనే తిట్టారో గుర్తుందా? ఆరుసార్లు వరల్డ్ చాంపియన్ అయిన మనిషిని సవాల్ చేసేంతదానివా అన్నారు. డిసెంబర్ 28న ఢిల్లీలో ట్రయల్ జరిగింది. నిఖత్ 9-1తో ఓడింది. మేరీ కోమ్ చెయ్యి కూడా కలపలేదు.

నేను చెప్పేదేందంటే, ఆ ఓటమితో ఎవరి పరువూ పోలేదు. మేరీ కోమ్ రింగ్‌లో గెలిచి టికెట్ తీసుకుంది కాబట్టి ఆ తర్వాత ఎవరూ నోరెత్తలేదు. నిఖత్ తిరిగి వచ్చి 2022లో ఇస్తాంబుల్‌లో వరల్డ్ చాంపియన్ అయింది, 2023లో ఢిల్లీలో మళ్లీ అయింది. బెనావిడెజ్‌కు ఆ ఒక్క ట్రయల్ దొరకలేదు. ఓడిపోయే అవకాశం కూడా దొరకలేదు. కనెలో గొప్పతనం గురించి కాజీపేట తమ్ముడు ఎంత చెప్పినా ఈ ముక్కకు జవాబు కాదు.

వరంగల్ కోచ్:
నేను పిల్లలకు బాక్సింగ్ నేర్పుతాను. మీ వాదనలో రెండు వేర్వేరు ఆటలు కలిసిపోతున్నాయి.

అమెచ్యూర్‌లో ఎవరికి ఎవరో తేల్చే చీటీల డ్రా ఉంటుంది. తూకం చూస్తారు, డ్రా తీస్తారు, ఎవరొస్తే వాళ్లతో ఆడాలి. ప్రొఫెషనల్‌లో డ్రా లేదు. మ్యాచ్ కుదిర్చేవాళ్లు ఉంటారు, టికెట్లు అమ్మాలి, టీవీవాళ్లు డబ్బు పెట్టాలి. కాబట్టి ఎంచుకోవడం అనేది ఆ ఆటలో తప్పు కాదు, ఆ ఆట నడిచే తీరే అది. నేను కూడా కొత్త పిల్లవాడికి మొదటి బౌట్ చూసేటప్పుడు నలిగిపోయే జోడీ ఇవ్వను. రెండు దెబ్బలు తిని ఇంటికి పోయి మళ్లీ రాని పిల్లలు ఉంటారు.

డ్రా అంటే న్యాయం అనుకోవద్దు కూడా. నిఖత్ పారిస్‌లో ఏమైంది? సీడింగ్ (పెద్ద ఆటగాళ్లు మొదట్లోనే తలపడకుండా ఇచ్చే ర్యాంకు) లేదు. మొదటి బౌట్ 5-0తో గెలిచింది, రెండో బౌట్‌లోనే చైనాకు చెందిన టాప్ సీడ్ వు యూ ఎదురైంది. 5-0తో ఓడి ఇంటికి వచ్చేసింది. రెండుసార్లు వరల్డ్ చాంపియన్‌కు డ్రా ఇచ్చిన బహుమానం అది. ఎంపికలో స్వార్థం ఉంటుంది, డ్రాలో గుడ్డితనం ఉంటుంది.

అయితే ఒకటి. ఎదిగేటప్పుడు జోడీ ఎంచుకోవడం వేరు, నాలుగు బెల్టులు ఉన్నప్పుడు ఎంచుకోవడం వేరు. అక్కడ కనెలోకు నా సపోర్ట్ లేదు.

హన్మకొండ లెఫ్ట్‌హుక్:
కోచ్ సార్ చెప్పిన చివరి మాటే నా పాయింట్. ఇప్పుడు కాజీపేట తమ్ముడికి వస్తా.

రైడర్ మ్యాండేటరీ, ఒప్పుకుంటా, ఆ బౌట్ మీద నాకు కంప్లైంట్ లేదు. చార్లో చాంపియనే, కానీ 154 నుంచి ఒక్కసారిగా 168కి, రెండు విభాగాలు ఎక్కి వచ్చాడు. ఆ రాత్రి 12 రౌండ్లు ప్రాణం కాపాడుకోవడానికే ఆడినట్టు ఉంది. క్రాఫర్డ్ కూడా చాలాకాలం 147లో ఆడినవాడే. కనెలోకు వరుసగా చిన్న బరువులవాళ్లు కనిపించారు, పక్కనే అదే బరువులో ఉన్న పెద్ద మనిషి కనిపించలేదు. అందులో ఒక చిన్నోడు వచ్చి బెల్టులన్నీ పట్టుకుపోవడం వేరే కథ.

ఇక స్కల్ సంగతి. దీన్ని నువ్వు ఐబీఎఫ్ చాంపియన్ అని ఒక్క ముక్కలో దాటేశావు. అసలు స్కల్ చాంపియన్ ఎట్లయిండు? ఐబీఎఫ్ రూల్ ప్రకారం తొమ్మిది నెలల్లో మ్యాండేటరీతో ఆడాలి, మిగతా మూడు సంస్థల కన్నా వాళ్లు ఈ విషయంలో గట్టిగా ఉంటారు. 2024లో ఆ మ్యాండేటరీ స్కలే. కనెలో అతన్ని కాదని బెర్లాంగాతో సెప్టెంబర్ బౌట్ పెట్టుకున్నాడు. ఐబీఎఫ్ బెల్టు గుంజుకుంది. ఖాళీ అయిన ఆ బెల్టును స్కల్ అక్టోబర్‌లో షిష్కిన్ మీద గెలిచాడు. తర్వాత 2025 మేలో రియాద్‌లో, వద్దన్న అదే మనిషితో, పోగొట్టుకున్న అదే బెల్టు కోసం కనెలో ఆడాల్సి వచ్చింది. ఎందుకంటే క్రాఫర్డ్ బౌట్‌కు నాలుగు బెల్టులూ కావాలి. ఆ బౌట్ ఎట్ల జరిగిందో ములుగు రోడ్ అన్ననే అడుగు. 12 రౌండ్లలో ఇద్దరూ కలిపి 445 పంచ్‌లు విసిరారు. పంచ్‌లు లెక్కపెట్టే కంప్యూబాక్స్ లెక్కలు మొదలైనప్పటి నుంచి 12 రౌండ్ల బౌట్‌లో ఇంత తక్కువ ఎన్నడూ లేదు. కనెలోవి అందులో 152. అంటే రౌండుకు 13 కూడా కాదు. మన దగ్గర పిల్లలు షాడో చేస్తూ నిమిషంలో అంతకన్నా ఎక్కువ విసురుతారు.

ప్రమోటర్ల గొడవ వల్ల బెనావిడెజ్ బౌట్ కుదరలేదని అనేవాళ్లు ఉంటారు, ముందే చెప్తున్నా. 2023లో కనెలో పీబీసీ అనే ప్రమోషన్ సంస్థతో ఒప్పందం చేసుకున్నప్పుడు బెనావిడెజ్ కూడా పీబీసీలోనే ఉన్నాడు. గోడ లేదు, గేటు తెరిచే ఉంది.

బోధన్ పోరడు:
బెనావిడెజ్‌తో ఆడాలంటే 150 నుంచి 200 మిలియన్ డాలర్లు కావాలని కనెలోనే అన్నాడు కదా. అంటే వద్దు అని చెప్పడానికి అదొక స్టైల్.

కాజీపేట జంక్షన్:
లేదా తన విలువ తనకు తెలుసు అని. రిస్క్ ఎక్కువున్న చోట రేటు ఎక్కువ అడగడం తప్పా? హైటెన్షన్ లైను ఎక్కేవాడు ఎక్కువ కూలి అడగడా? మ్యాండేటరీని ఆర్డర్ చేయాల్సింది డబ్ల్యూబీసీ. గెలిచినోడికి కనెలోతో బౌట్ అని 2023లో బెనావిడెజ్, ప్లాంట్‌లకు ఆశ పెట్టి, ఆ తర్వాత గట్టిగా ఒక్క ఆర్డర్ వేయలేదు. బౌట్ జరిగితే చాంపియన్ పర్సులో (బౌట్‌కు వచ్చే డబ్బులో) సుమారు 3 శాతం సంస్థకు ఫీజుగా వస్తుంది. పెద్ద చాంపియన్‌ను పోగొట్టుకుంటే ఎవరికి నష్టం? తిట్టాల్సిన గడప అది.

కరీంనగర్ కాకా:
పిల్లలూ, జర నేను చెప్పేది వినండి. ఈ తిట్లు ఇప్పటివి కావు.

జో లూయిస్ 1940 డిసెంబర్ నుంచి 1941 జూన్ దాకా నెలకొక బౌట్ చొప్పున ఏడుసార్లు బెల్టు నిలబెట్టుకున్నాడు. అప్పటి పేపర్లు 'నెలకో దద్దమ్మ' అని ఎగతాళి చేశాయి. ఆ దద్దమ్మల్లో బడ్డీ బేర్ అయితే లూయిస్‌ను తాళ్ల బయటికి పడేశాడు. ఏడోవాడు బిల్లీ కాన్ 12 రౌండ్ల దాకా పాయింట్లలో ముందున్నాడు, 13వ రౌండులో నాకౌట్ అయ్యాడు. కాబట్టి బౌట్‌కు ముందే ఎదుటివాడు పనికిరానివాడని తీర్పు చెప్పడం జాగ్రత్తగా చేయాలి.

అయితే దీనికి ఇంకో వైపు ఉంది. 1919 నుంచి 1926 దాకా చాంపియన్‌గా ఉన్న జాక్ డెంప్సీ, హ్యారీ విల్స్‌తో ఒక్కసారి కూడా ఆడలేదు. విల్స్ నల్లజాతివాడు. కాగితాల మీద సంతకాలు అయ్యాయి గానీ బౌట్ కాలేదు. వందేళ్లు అవుతోంది, డెంప్సీ పేరు ఎత్తితే విల్స్ పేరు కూడా వస్తుంది. తప్పు డెంప్సీ ఒక్కడిదే కాదు, ప్రమోటర్లది ఉంది, ఆ దేశం అప్పుడున్న తీరుది ఉంది. అయినా మచ్చ మటుకు చాంపియన్‌కే అంటింది. జంక్షన్ తమ్మీ, నువ్వు సంస్థలను తిట్టమంటున్నావు, తిట్టు. ఆ సంస్థల పేర్లు మాత్రం ఎవరూ గుర్తుపెట్టుకోరు.

మా దిక్కు జాతర కుస్తీలు చూడండి. కొబ్బరికాయ కుస్తీతో మొదలై చివరికి వెండి కడియం దాకా వస్తుంది. అక్కడ జోడీ కుదిర్చేది ఊరి పెద్దలు. ఫలానా వాడైతేనే దిగుతా అని పహిల్వాన్ అంటే జనం ఈల వేసి పంపిస్తారు.

ములుగు రోడ్ ముచ్చట:
కాకా, ఆ ఊరి పెద్దలకు కూడా పర్సులో 3 శాతం ఇస్తే జోడీలు మారతాయేమో.

కరీంనగర్ కాకా:
మారతాయి. మా దగ్గర ఇస్తలేరు అనుకున్నవా!

కాజీపేట జంక్షన్:
సరే, ఒక ప్రశ్న. 2025 ఏప్రిల్‌లో బివోల్ ఏం చేశాడు? బెనావిడెజ్ అతని డబ్ల్యూబీసీ మ్యాండేటరీ. ఆడకుండా బెల్టు వదిలేశాడు. బెనావిడెజ్ ఇంట్లో కూర్చుని ఫుల్ చాంపియన్ అయ్యాడు. మీరెవరూ బివోల్ మీద చర్చ పెట్టలేదే? కనెలోకు ఒక రూలు, బివోల్‌కు ఒక రూలా?

హన్మకొండ లెఫ్ట్‌హుక్:
ఇదీ అసలు ప్రశ్న, మొదట్లోనే అడగాల్సింది.

బివోల్ బెనావిడెజ్‌ను వదిలింది అదే బరువులో మాజీ చాంపియన్ బెటెర్బియెవ్‌తో మూడో బౌట్ కోసం. అప్పటికే రెండుసార్లు ఒకరినొకరు నలగ్గొట్టుకున్నారు, చెరొకటి గెలిచారు. అంటే కష్టమైనదాన్ని వదిలి అంతే కష్టమైనదానివైపు చూశాడు. ఆ బౌట్ వెంటనే కుదరలేదు, అది వేరే విషయం. ఎవరిని వదిలాడు అని మాత్రమే నేను చూడను, వదిలి ఎవరి దగ్గరికి పోయాడు అని చూస్తా. కనెలో 2022లో బివోల్ దగ్గరికి పోయినప్పుడు ఇదే లెక్కన నేనూ చప్పట్లు కొట్టినా. ఆ రోజు బెనావిడెజ్ ఏడీ అని ఎవరూ అడగలేదు, అడగాల్సిన పనీ లేదు. 2024లో బెర్లాంగా దగ్గరికి పోయినప్పుడు అడిగారు. మనిషి అతనే, రూలూ అదే.

ఇందూరు పంచ్:
ఇది బాగుంది. అయితే అదే తక్కెడ మీద బెనావిడెజ్‌ను కూడా పెట్టు. చాంపియన్ అయ్యాక 2025 నవంబర్‌లో రియాద్‌లో ఆంథొనీ యార్డ్‌తో ఆడాడు. యార్డ్ అప్పటికే కొవలెవ్ చేతిలో, బెటెర్బియెవ్ చేతిలో ఓడి ఉన్నాడు. ఏడో రౌండులో పని అయిపోయింది. ఎన్నేళ్లు కనెలోను తిట్టి, కుర్చీ దొరకగానే ఇదేనా?

వరంగల్ కోచ్:
మొదటి డిఫెన్స్ కదా, దాన్ని వదిలేయండి.

ఇందూరు పంచ్:
రైడర్‌ను వదిలేశాం, దీన్నీ వదిలేద్దాం. ఆపై ఎవరిని వదలకూడదో ఇప్పుడే రాసి పెట్టుకోండి సార్, బౌట్ అనౌన్స్ అయ్యాక కాదు.

వరంగల్ కోచ్:
బివోల్. బెటెర్బియెవ్ వయసు 40 దాటింది కాబట్టి అతన్ని లెక్కలోకి తీసుకోను. 175లో ఉన్నంతకాలం బివోల్‌ను అడగకుండా ఉంటే బెనావిడెజ్ మీద చర్చ నేనే పెడతా.

కాజీపేట జంక్షన్:
బివోల్ 200 మిలియన్లు అడిగితే?

వరంగల్ కోచ్:
అప్పుడు నీ హైటెన్షన్ లైను వాదన బివోల్ తరఫున నువ్వే వినిపించు.