జావాలో స్ట్రింగ్‌బిల్డర్ (ముక్కలు కలిపి స్ట్రింగ్ కట్టే క్లాస్) వాడినా, అక్షరాలను దాచే బైట్ అరేల కాపీలు తగ్గట్లేదు, దారేమిటి?

బెంగళూరు చిరునామాలను కన్నడ, తెలుగు, ఇంగ్లీషుల్లో కలిపి యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో సీఎస్‌వీ ఫైలుగా (కామాలతో విడదీసిన పట్టిక) రాసే జావా 17 కోడ్ ఇది. లూప్‌లో ప్లస్‌తో అతికించడం లేదు, పిలిచిన ప్రతిసారీ ప్యాటర్న్‌ని కంపైల్ చేసే రీప్లేస్‌ఆల్ బదులు ప్యాటర్న్ ఒక్కసారే కంపైల్ అవుతుంది. బిల్డర్ డిఫాల్ట్ కెపాసిటీ 16 అక్షరాలే కాబట్టి వరుసకొక కొత్త బిల్డర్‌కి ముందే 4096 ఇస్తున్నాను. అయినా ప్రొఫైలర్‌లో (మెమరీ ఎక్కడ ఖర్చవుతుందో చూపే సాధనం) బైట్ అరేలదే పైచేయి.

నా అనుమానం కాంపాక్ట్ స్ట్రింగ్స్ మీద. అంటే, జావా 9 నుంచి స్ట్రింగ్‌లో అన్నీ లాటిన్-1 అక్షరాలే (ఇంగ్లీషు వంటివి) ఉంటే అక్షరానికి 1 బైటే. "ఇందిరానగర్" అని ఒక్క మాట చేరగానే బిల్డర్ మొత్తం యూటీఎఫ్-16కి (ఒక్కో యూనిట్‌కి 2 బైట్లు) మారుతుంది: 4096 బైట్ల అరే పక్కనపడి 8192 బైట్లది కొత్తగా పుడుతుంది, వాడని ఖాళీతో సహా. అసలు నష్టం ఇక్కడే అనిపిస్తోంది.

సెట్‌లెంగ్త్(0)తో ఖాళీ చేసి ఒకే బిల్డర్‌ని తిరిగి వాడటం మేలా, లేక స్ట్రింగే కట్టకుండా ఫీల్డులను నేరుగా బఫర్డ్‌రైటర్‌కి పంపాలా? జేఎంహెచ్‌తో (జావా కోడ్ వేగం కొలిచే సాధనం) కొలిచి చూసినవాళ్లు చెప్పగలరా?