కొంగు ఎవరిది? కేలీగతిన్ / హేలాగతిన్

రెండో ఆట: 1970ల అమెరికన్ చవక యాక్షన్ సినిమాల నల్లజాతి నటి పామ్ గ్రియర్ మీద రాస్తున్న వ్యాసానికి ఎత్తుగడగా సత్యభామ యుద్ధం పద్యం వేద్దామనుకుంటున్నాను. "పయ్యెద కొంగొకింత తొలగన్" అని ఉంటుంది, చివర "హేలాగతిన్". పోతన దశమస్కంధంలో కొంగు దొరకడం లేదు. పాఠాంతరమా?

గణవిభజన: పాఠాంతరం కాదండీ, రెండు పద్యాలు కలిసిపోయాయి. కొంగు ఉన్నది నాచన సోమన పద్యంలో, ఆయన ఉత్తరహరివంశంలోది: "అరిఁ జూచున్ హరిఁ జూచు". అది "తన్వంగి కేలీగతిన్" అని ముగుస్తుంది. "చంద్రాస్య హేలాగతిన్" పోతనది: "పరుఁ జూచున్ వరుఁ జూచు". రెండూ మత్తేభాలే, రెండింటా ప్రాస రేఫే. కేలీ, హేలా రెండూ రెండేసి గురువులు. యతి పద్నాలుగో అక్షరం దగ్గరే తీరిపోతుంది, ఈ మాట పదిహేడులో మొదలవుతుంది. దాన్ని తీసి దీన్ని పెట్టినా ఛందస్సు కిక్కురుమనదు.

అరసున్న: గ్రియర్‌కైతే సోమనే సరి. ఆ సినిమాల ఒప్పందమే అది: ఇంత ఒళ్ళు, ఇంత నెత్తురు చూపించు, తక్కినది నీ ఇష్టం. చవక సినిమాల నిర్మాత రోజర్ కోర్మన్ కంపెనీలో దర్శకురాలు స్టెఫనీ రోత్‌మన్ 'ది స్టూడెంట్ నర్సెస్' (1970)లో గర్భస్రావం కథ నడపగలిగింది ఆ సందులోంచే. కొంగు తొలగడం టిక్కెట్టు కోసం.

గణవిభజన: పోతన ఆ టిక్కెట్టు చించేశాడు కదా! సోమన కొంగు పెట్టిన మూడో పాదంలోనే ఈయన "కన్నులఁ గెంపు సొంపుఁ బరగన్" అన్నాడు. సోమన దగ్గర చూసేది మనం, పోతన దగ్గర చూసేది ఆమె.

అరసున్న: సోమన పద్యంలోనూ మొదటి క్రియ "చూచున్", కర్త ఆమే. పోతనాభిమానం కాసేపు పక్కన పెట్టండి సార్. గ్రియర్ సినిమా 'కాఫీ' (1973, తాగేది కాదు) విందులో కొట్లాట గుర్తు తెచ్చుకోండి. బట్టలు చిరుగుతాయి, దర్శకుడు జాక్ హిల్ కెమెరా అక్కడే ఉంటుంది. కానీ ఆమె జుట్టు పట్టుకున్న మనిషి చేయి తెగుతుంది, బ్లేళ్ళు అంతకుముందే జుట్టులో దోపుకుంది కనుక. కొంగు తొలగడం, శరాసారం (బాణాల వాన) కురవడం "తోడ్తో" అన్నాడు సోమన. రెండూ ఒకే షాట్‌లో.

చాదస్తం: అసలు హేల అంటే ఏమనుకుంటున్నారు? నాట్యలక్షణ గ్రంథం దశరూపకం భావం, హావం, హేల అని వరస చెప్పింది. ఆ లెక్కన శృంగారం. అవలీల అనుకుంటే యుద్ధం. పోతనలో అది "నెఱపుచున్"కి అన్వయం. నెఱపేవి రెండు, చండాస్త్ర సందోహం, సరసాలోక సమూహం. బాణాలకు అవలీల, చూపులకు హేల. కేలి అంటే మటుకు ఆటే, రెండో వైపు తిరగదు.

అరసున్న: "గతిన్" ఉండగా ఎందుకు తిరగదు? ఆటలాగా చంపడం అవలీల కాదా?

రెండో ఆట: మన వైపు కూడా చూడాలి. విజయలలిత 'రౌడీ రాణి' 1970లోదే, 'కాఫీ' కన్నా మూడేళ్ళు ముందు. దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్ 1972లో ఆమెతోనే హిందీలో 'రాణీ మేరా నామ్' తీశాడు.

చాదస్తం: అంతకన్నా ముందు 1935లో నాదియా 'హంటర్‌వాలీ'. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో పుట్టిన మనిషి బొంబాయి తెరమీద కొరడా పట్టింది. గ్రియర్ 'ది బిగ్ డాల్ హౌస్' (1971) ఫిలిప్పీన్స్‌లో తీశారు, అక్కడ ఖర్చు తక్కువని. నల్లజాతి నటికి హాలీవుడ్ ఇవ్వని చోటు ఆ చవక జైలు సెట్లో దొరికింది.

రెండో ఆట: ఇంతకీ వ్యాసం పైన ఏది వెయ్యమంటారు?

గణవిభజన: పోతన.

అరసున్న: సోమన. కలిపి మాత్రం వెయ్యకండి.

చాదస్తం: సోమనదే వేస్తే "సూచకములై" దగ్గర ఒక వివరణ తప్పదు. ఆమె మందారమాల నుంచి జారే ఆ మకరంద బిందువులు దేనికి సూచకాలు? చెమటకా, రాబోయే శరవర్షానికా?

గణవిభజన: చెమటకు. వర్షమైతే కింద "కురియుచున్" ఎందుకు మళ్ళీ?

అరసున్న: అందుకే వర్షం అంటున్నాను!