ఎలివేటర్ సర్వో వణుకు: బ్రష్‌లెస్‌కు మారితే పోతుందా?

పర్లాకిమిడి నుంచి:
నేను కట్టుకున్న, రేడియోతో నడిపే హెచ్‌టీ-2 నమూనా విమానం మూడేళ్ళుగా పెట్రోల్ ఇంజనుతో ఎగురుతోంది. 1951లో తొలిసారి ఎగిరిన మన శిక్షణ విమానమే అది. ఈ మధ్య రిమోట్‌లోని స్టిక్ నడుమన ఉన్నప్పుడు ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక రెక్క) సర్వో, అంటే దాన్ని కదిపే చిన్న మోటారు పెట్టె, సన్నగా వణుకుతోంది. ఎటు కదిపినా వణుకు ఆగుతోంది. అన్నిటినీ తీసి బ్రష్‌లెస్ సర్వోలు వేయమని మిత్రులంటున్నారు. ఖర్చు ఎక్కువ కనుక, వాడినవారి అనుభవం తెలుసుకోగోరుతున్నాను.

గోపాల్‌పూర్ నుంచి:
మాస్టారూ, మీరు చెప్పిన లక్షణాన్ని బట్టి తప్పు మోటారుది కాదనిపిస్తోంది. సర్వో చేయి ఎక్కడుందో సర్క్యూట్‌కు తెలిపే పొటెన్షియోమీటర్‌లోని ముల్లు, ఇంజను అదురుకు నడిమి చోటనే గంటల తరబడి రాసుకోవడం వల్ల, అక్కడి పొర అరిగిపోతుంది. బ్రష్‌లెస్ మోటారులో అరిగే బ్రష్‌లూ కమ్యుటేటరూ (తిరిగే భాగానికి రాసుకుంటూ కరెంటు అందించేవి) ఉండవన్నది నిజమే గాని, దాని పక్కన పాత తరహా పొటెన్షియోమీటరే పెట్టిన సర్వోలూ అమ్ముతున్నారు. నా నమూనా పడవకు అలాంటిదే కొన్నాను. ఈ ఉప్పుగాలికి రెండో వానాకాలంలోనే చుక్కాని వణికింది. తాకిడి లేకుండా కోణాన్ని కొలిచే అయస్కాంత ఎన్‌కోడర్ ఉన్న సర్వో వేశాక ఆ బాధ తప్పింది. కొనే ముందు అడగవలసిన మొదటి ప్రశ్న అదే.

రాయగడ నుంచి:
నా దెబ్బ కరెంటు వైపు నుంచి తగిలింది. గట్టి సర్వో బిగుసుకుంటే కొన్ని ఆంపియర్లు లాగుతుంది. చిన్న బీఈసీ (బ్యాటరీ వోల్టేజీని తగ్గించి రిసీవర్‌కూ సర్వోలకూ ఇచ్చే సర్క్యూట్) తట్టుకోలేక వోల్టేజీ పడిపోతే, రేడియో ఆదేశాలందుకునే రిసీవరే ఆగిపోవచ్చు. అందుకని రెండు సెల్‌ల లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీని నేరుగా కలిపాను. కొత్త సర్వోలు నిండు ఛార్జి 8.4 వోల్టులకు తగినవే. ముందు చక్రానికి మిగిలిన 6 వోల్టుల పాత సర్వోను మాత్రం మరచాను. ఆ కమురు వాసన ఇంకా పోలేదు! రిసీవర్‌లో 333 హెర్ట్జ్ (సర్వోకు సెకనుకు 333 ఆదేశాలు) పెట్టేటప్పుడు కూడా, అంత వేగానికి తగని పాత తరహా అనలాగ్ సర్వో ఏదైనా మిగిలిందేమో చూసుకోండి, అది వేడెక్కి పాడవుతుంది.

పర్లాకిమిడి నుంచి:
విప్పి చూశాను. పొటెన్షియోమీటర్ పొర నడుమ గీత పడింది, మోటారు బాగానే ఉంది. కనుక ఎలివేటర్‌కు మాత్రం 6 వోల్టుల్లోనూ పనిచేసే ఎన్‌కోడర్ రకం బ్రష్‌లెస్ సర్వో తెప్పించాను, బ్యాటరీని మార్చలేదు. అయితే పాత హార్న్‌కు (సర్వో ఇరుసు పళ్ళకు తగిలించే చేయి) 24 పళ్ళు, కొత్త సర్వోకు 25. హార్న్ వచ్చేదాకా విమానం అటక మీదే.

గోపాల్‌పూర్ నుంచి:
అల్యూమినియం హార్న్ తీసుకోండి మాస్టారూ. ఈ బలానికి ప్లాస్టిక్ పళ్ళు ఒలిచిపోతాయి.