మామయ్య స్కాన్ రిపోర్టులో పక్కటెముకలు విరిగాయని ఉంది. ఎవరో కొట్టారనే అర్థమా?

శ్రీలత:

మా మామయ్యకు 61 ఏళ్లు. తెల్లవారుజామున మెట్ల కింద వెల్లకిలా పడి ఉంటే అత్తయ్య చూసింది. ఒళ్లు ఇంకా వెచ్చగా ఉందని అంబులెన్స్ వాళ్లు చాలాసేపు ఛాతీ మీద నొక్కారు. లాభం లేకపోయింది. ఎలా పడ్డాడో ఎవరూ చూడలేదు కాబట్టి పోస్టుమార్టం తప్పదన్నారు. మర్నాడు సాయంత్రం తల నుంచి పాదాల దాకా సీటీ స్కాన్ తీసి, ఆ తర్వాత పోస్టుమార్టం చేశారు. పోస్టుమార్టం ఫైనల్ రిపోర్టు ఇంకా రాలేదు. స్కాన్ రిపోర్టు మాత్రం చేతికొచ్చింది.

అందులో ఉన్నవి: రెండు వైపులా 3 నుంచి 6 వరకు పక్కటెముకలు ముందు భాగంలో విరిగాయి. తల వెనుక ఎముకలో చీలిక. కాలేయం రక్తనాళాల్లో, గుండె కుడి వైపు గ్యాస్. ఊపిరితిత్తుల వెనుక భాగం తెల్లబడింది. గుండె రక్తనాళాల్లో కాల్షియం.

"ఇన్ని ఎముకలు ఊరికే విరుగుతాయా, కొట్టి తోసేశారు" అని చిన్న మామయ్య అంటున్నాడు. ఆ రాత్రి ఇంట్లో ఉన్నది అత్తయ్య, మా బావ. అందరూ బావ వంకే చూస్తున్నారు. అతను గదిలోంచి బయటికి రావడం లేదు. నాకు రెండు విషయాలు తెలియాలి. ఆ రిపోర్టును ఎలా అర్థం చేసుకోవాలి? స్కాన్‌లో ఇంత కనిపించినప్పుడు మళ్లీ కోయడం ఎందుకు?

సుజాత:

శ్రీలత గారూ, ముందుగా ఒక మాట. రిపోర్టు కాగితం ఫొటో తీసి చుట్టాల గ్రూపుల్లో పెట్టనివ్వకండి. మా నాన్నగారు పోయినప్పుడు మేమూ ఇలాగే ఒక్కో పదం ఇంటర్నెట్‌లో వెతికి పిచ్చెక్కిపోయాం. బతికున్నవాళ్ల స్కాన్ గురించి రాసినదంతా చదివి భయపడ్డాం. సగానికి సగం మాకు వర్తించనే వర్తించదని తర్వాత తెలిసింది.

రఘు (సీటీ టెక్నీషియన్):

సుజాత గారు చెప్పింది నిజం. నేను 11 ఏళ్లుగా మార్చురీకి అనుబంధంగా ఉన్న సీటీలో పని చేస్తున్నాను. చనిపోయినవారి స్కాన్‌ను బతికున్నవారి స్కాన్‌లాగా చదివితే ప్రతి లైనూ నేరంలాగే కనిపిస్తుంది.

మొదట గ్యాస్ సంగతి. ప్రాణం పోయాక పేగుల్లోని బ్యాక్టీరియా పని ఆగదు. అది తయారుచేసే గ్యాస్ పేగు గోడల్లోకి, అక్కడి సిరల ద్వారా కాలేయంలోకి, ఆపైన గుండెలోకి చేరుతుంది. బతికున్న మనిషి కాలేయం సిరల్లో ఇదే గ్యాస్ కనిపిస్తే డాక్టర్లు పరుగులు పెడతారు. మీ మామయ్యగారి స్కాన్ మర్నాడు సాయంత్రం తీశారు కాబట్టి అది ఉండటంలో వింత లేదు. ఛాతీ మీద గట్టిగా నొక్కినప్పుడు కూడా కొంత గాలి రక్తనాళాల్లో చేరవచ్చు.

ఊపిరితిత్తుల వెనుక తెల్లబడటం కూడా అలాంటిదే. గుండె ఆగాక రక్తం బరువుకు కిందికి దిగుతుంది. వెల్లకిలా ఉన్న మనిషికి కింద అంటే వీపు వైపు. కొందరి స్కాన్‌లో గుండె గదుల్లోనే మట్టినీళ్లు తేరుకున్నట్టు పైన పలుచగా, కింద చిక్కగా, మధ్యలో గీత గీసినట్టు రెండు పొరలు కనిపిస్తాయి. మొదటిసారి చూసినప్పుడు స్క్రీన్ మీద వేలు పెట్టి ఇదేంటని మా సీనియర్‌ను అడిగాను. ఇప్పుడు ఆ గీత వంపు చూసి మనిషి ఏ పక్కకు ఉన్నాడో చెప్పగలను.

ఇక పక్కటెముకలు. మీకు ముఖ్యమైనది ఇదే కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. గుండె ఆగిన మనిషిని బతికించాలని ఛాతీని కనీసం 5 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతారు. పెద్దవయసువారిలో పక్కటెముకలు, ఛాతీ మధ్య ఎముక విరగడం చాలా మామూలు. అవి ఎక్కువగా ఛాతీ ముందు భాగంలో, రెండు వైపులా, వరుసగా ఉంటాయి. చాలాసార్లు ఎముక పూర్తిగా రెండు ముక్కలు కాదు, లోపలి వైపు మాత్రం పచ్చి కొమ్మ వంచినట్టు నలుగుతుంది. సీటీలో ఆ నలుగుడు కనిపించినంత బాగా మామూలు ఎక్స్‌రేలో కనిపించదు. మీరు రాసిన వరుస దీనికి సరిపోతుంది. అయితే దెబ్బలు లేవని నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను, చెప్పకూడదు. పక్కన గానీ వీపు వైపు గానీ విరిగినవి ఉన్నాయా, చర్మం కింద గాయాలు ఉన్నాయా అన్నది పోస్టుమార్టం చేసిన డాక్టరే చెప్పాలి.

అక్కడికే మీ రెండో ప్రశ్న వస్తుంది. ఎముకలు, తూటాలు, లోహపు ముక్కలు, గాలి, పెద్ద రక్తస్రావం, వీటిలో సీటీకి తిరుగులేదు. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ ఫోరెన్సిక్ సంస్థ వాళ్లు 1990ల చివర్లో ఇలా చనిపోయినవారికి స్కాన్ తీయడం పద్ధతిగా మొదలుపెట్టారు. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్‌లోని విక్టోరియన్ ఫోరెన్సిక్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్‌లో 2005 నుంచి మార్చురీలోనే సీటీ ఉంది, వచ్చే ప్రతి భౌతికకాయాన్నీ స్కాన్ చేయడం అక్కడ మామూలు పనిలో భాగం. కానీ గుండె రక్తనాళంలో కాల్షియం కనిపించినంత మాత్రాన అదే ప్రాణం తీసిందని అనలేం. రక్తం కదలదు కాబట్టి మామూలు స్కాన్‌లో రక్తనాళం మూసుకుందో లేదో తెలియదు. కొన్నిచోట్ల రక్తనాళాలు స్కాన్‌లో కనిపించేలా తొడ రక్తనాళం ద్వారా మందు ఎక్కించి చూస్తారు, అది వేరే పని. విషం సంగతైతే స్కాన్ అసలు చెప్పదు, రక్తం, మూత్రం ల్యాబ్‌కు వెళ్లాల్సిందే. బ్రిటన్‌లో 182 మంది భౌతికకాయాలకు స్కాన్, పోస్టుమార్టం రెండూ చేసి పోల్చి చూశారు. 2012లో వెలువడిన ఆ లెక్క ప్రకారం మరణ కారణం విషయంలో సీటీ 32 శాతం కేసుల్లో పోస్టుమార్టంతో పెద్ద తేడా చూపింది. తప్పిపోయినవాటిలో గుండె జబ్బు, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం ముఖ్యమైనవి.

మీ మామయ్యగారు పడటం వల్ల చనిపోయారా, గుండె ఆగి పడ్డారా? ఈ ప్రశ్నలో మొదటి సగాన్ని స్కాన్ బాగా చెబుతుంది. రెండో సగానికి గుండెను చేతిలోకి తీసుకుని చూడాలి. అయినా కోయకముందే స్కాన్ తీయడం చాలా మంచిది. కోసేటప్పుడు లోపలి గాలి తప్పించుకుంటుంది, ఎముకలు కదులుతాయి. మేం బ్యాగు సీలు తీయకుండానే స్కాన్ చేస్తాం. శ్వాస కదలిక ఉండదు, రేడియేషన్ డోసు భయం లేదు కాబట్టి సన్నని ముక్కలుగా నిండా తీస్తాం. రేపు ఇంకో నిపుణుడు వేరే మాట అంటే ఆ శరీరం మళ్లీ దొరకదు, ఆ బొమ్మలు దొరుకుతాయి.

డా. మాధవి (ఫోరెన్సిక్ మెడిసిన్):

రఘు గారు చెప్పినదానికి ఒక్క విషయం కలుపుతాను. తల వెనుక చీలిక ఉన్నప్పుడు మేం మెదడు ముందు భాగం చూస్తాం. కదులుతున్న తల నేలకు తగిలితే మెదడు గాయం తరచుగా దెబ్బ తగిలిన వైపు కాకుండా ఎదురు వైపు ఎక్కువగా ఉంటుంది. నిలకడగా ఉన్న తల మీద కర్రతో కొడితే గాయం ఎక్కువగా కొట్టిన చోట కిందే ఉంటుంది. ఇదొక్కటే తీర్పు కాదు, కానీ పడటానికీ కొట్టడానికీ మధ్య తేడా తెలుసుకోవడానికి బాగా పనికొస్తుంది. అలాగే ఆ గాయాల దగ్గర రక్తం బాగా చేరి ఉంటే, పడేటప్పటికి గుండె ఇంకా కొట్టుకుంటోందని చాలావరకు అనుకోవచ్చు. ఈ రెండూ డాక్టరును నేరుగా అడగండి.

శ్రీలత:

ఇప్పుడే మళ్లీ కాగితం తీసి చూశాను. రెండో పేజీలో కింద ఉంది, ఎవరం గమనించలేదు: "మెదడు ముందు భాగంలో రెండు వైపులా రక్తస్రావం". వీపు వైపు పక్కటెముకలు, వెన్నెముక మామూలుగా ఉన్నాయని కూడా రాశారు.

రఘు గారూ, ఆ బొమ్మల కాపీ మాకు ఇస్తారా?

రఘు (సీటీ టెక్నీషియన్):

కేసు చూస్తున్న అధికారి అనుమతి కావాలి, రాతపూర్వకంగా అడగండి. ఇస్తే ప్రింటు ఫిల్మ్ వద్దు, అసలు ఫైళ్లు కావాలని అడగండి. ఫిల్మ్ మీద ఎవరో ఎంచిన కొన్ని బొమ్మలే ఉంటాయి. ఫైళ్లుంటే వేరే డాక్టరు ప్రతి పక్కటెముకనూ తిప్పి తిప్పి చూడగలరు. డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు అంబులెన్స్ వాళ్లు ఎంతసేపు నొక్కారో వాళ్ల నోట్ కూడా తీసుకెళ్లండి. పక్కటెముకల విషయంలో అది చాలా ముఖ్యం.

శ్రీలత:

అంబులెన్స్ నోట్ అత్తయ్య దగ్గర ఉంది, 35 నిమిషాలని రాసి ఉంది. సోమవారం పదింటికి డాక్టరు టైమిచ్చారు. చిన్న మామయ్యను కూడా రమ్మన్నాను, ఆయన చెవులతో ఆయనే వినాలి. బావకు ఫోన్ చేసి రెండో పేజీ చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత తనూ వస్తానన్నాడు.