అప్‌డేట్: ఇంటర్‌సెక్స్ హక్కుల లాయర్ కావాలంటే పీజీ తప్పనిసరా?

లా అయ్యాక ఇంటర్‌సెక్స్ వ్యక్తుల (పుట్టుకతోనే శరీర లక్షణాలు పూర్తిగా ఆడ లేదా మగ అనే కోవలో ఇమడని వాళ్ల) హక్కుల కోసం పనిచేయాలంటే మానవహక్కుల్లో పీజీ చేయాలా అని పోయినేడాది అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. పీజీ అవసరం పడలేదు. ముందు మెడికల్ రికార్డులు చదవడం నేర్చుకుని, ఆ కేసులు చూసే సీనియర్ దగ్గర చేరమన్న సలహానే పనికొచ్చింది.

నా మొదటి ఫైల్లో పసితనంలో జననాంగాలను ఆడ లేదా మగ తీరుకు మార్చడానికి జరిగిన ఆపరేషన్ కాగితాలున్నాయి. అంగీకార పత్రం మీద తండ్రి సంతకం ఉంది, కారణం రాయాల్సిన చోట ఖాళీ. ఆ ఖాళీ గురించే సీనియర్ గారు అరగంట మాట్లాడారు.

పిల్లలపై అత్యవసరం కాని ఇలాంటి ఆపరేషన్లకు అడ్డుకట్ట వేసిన 2015 నాటి మాల్టా దేశపు చట్టం, 2019 మద్రాస్ హైకోర్టు తీర్పు వాదనకు బాగా ఉపయోగపడుతున్నాయి. అన్నట్టు, ట్రాన్స్‌జెండర్ కేసుల తీర్పులు కట్టలకొద్దీ పోగేశాను. చాలావరకు అక్కరకు రాలేదు, అవి ఎక్కువగా జెండర్ గుర్తింపు గురించి, ఇక్కడ గొడవంతా పుట్టుకతో వచ్చిన శరీర లక్షణాల గురించి కదా.