కరెంట్ పోయిన ఇంట్లో రాత్రి సీన్: లైటింగ్, సౌండ్‌తో భయం ఎలా పుట్టించాలి?

షార్ట్‌ఫిల్మ్_సీను
అందరికీ నమస్కారం. పెంకుటింట్లో ఒంటరిగా ఒకావిడ. కరెంట్ పోతుంది, లాంతరు వెలిగిస్తుంది, బయట ఎవరో ఉన్నట్టు అనుమానం. మ్యూజిక్ పెట్టకూడదనుకున్నాం. ఉన్నవి: 60 వాట్ల డేలైట్ ఎల్ఈడీ, ఒక ఆర్‌జీబీ ట్యూబ్ (రంగు మార్చుకోగల ట్యూబ్‌లైట్), లేపెల్ మైక్ (బట్టలకి తగిలించే చిన్న మైక్), రికార్డర్. టెస్ట్ షాట్‌లో గదంతా నీలంగా, గ్రెయిన్‌తో (ఇసుక చల్లినట్టు చుక్కలతో) వచ్చింది. లాంతరు తెల్లటి ముద్ద. భయం మాత్రం లేదు.

గ్యాఫర్‌బాబాయ్
ఎక్స్‌పోజర్ మొత్తం తగ్గించేస్తే రాత్రి రాదండీ, గ్రెయిన్ వస్తుంది. ముఖం మామూలు కన్నా ఒక స్టాప్ తక్కువ (అంటే సగం వెలుగు) చాలు. మిగతా చీకటి గ్రేడింగ్‌లో (షూట్ అయ్యాక రంగులు, వెలుగు సరిచేసే దశలో) దించుకోండి.

లాంతరు ఒత్తి బాగా కిందికి దించండి, అది కనబడితే చాలు. ముఖం మీద వెలుగు ఎల్ఈడీ నుంచి రావాలి. దానికి ఫుల్ సీటీఓ జెల్ (తెల్లటి వెలుగుని నారింజగా మార్చే రంగు కాగితం) వేసి, లాంతరు వైపు నుంచే, ఫ్రేము బయట, లాంతరు ఎత్తులోనే పెట్టండి. పై నుంచి కొడితే నీడలు తప్పు దిక్కున పడి దొరికిపోతారు. వైట్ బ్యాలెన్స్ (కెమెరా ఏ వెలుగుని తెలుపుగా చూడాలో చెప్పే సెట్టింగ్) 4000 కెల్విన్. అప్పుడు లాంతరు వైపు నారింజ, కిటికీ బయట 5600లో పెట్టిన ట్యూబ్ లేత నీలం. మీరు 3200 పెట్టి ఉంటారు, అందుకే అంత నీలం.

అసలు తలనొప్పి సున్నం గోడలు. వెలుగును తిప్పికొట్టి నీడలన్నీ నింపేస్తాయి. ముఖానికి చీకటి వైపున, ఫ్రేము అంచు దాటాక నల్ల దుప్పటి వేలాడదీయండి. లైటుకి మనిషి 1 మీటరు, గోడ 3 మీటర్ల దూరంలో ఉంటే గోడకి అందేది తొమ్మిదో వంతే, అంటే సుమారు మూడు స్టాప్‌లు తక్కువ. ఆ చీకట్లోనే ప్రేక్షకుడు ఎవరినో వెతుక్కుంటాడు.

మంటను అదేపనిగా మినుకుమినుకుమనిపించకండి. చిమ్నీ ఉన్న లాంతరు అంతగా ఊగదు. తలుపు సందులోంచి గాలొచ్చిన క్షణంలో మాత్రం డిమ్మర్ కాస్త తిప్పండి.

కరెంట్ ఉన్న షాట్లకి షటర్ 1/50 సెకను, అంటే సెకనుకి 24 ఫ్రేముల్లో షటర్ యాంగిల్ 172.8 డిగ్రీలు. మన సప్లై 50 హెర్ట్జ్ కదా, వేరే పెడితే చవక బల్బుల కింద పట్టీలు కదులుతాయి.

బూమ్_మైక్
ఈ సీన్‌కి ప్రాణం ఫ్యాన్. షూట్ చేసేటప్పుడు దాన్ని ఆపేసి, చప్పుడు విడిగా రికార్డ్ చేసుకోండి. కరెంట్ పోకముందు 10 సెకన్లు ఫ్యాన్, ఫ్రిజ్ హమ్ నడవనివ్వండి, ప్రేక్షకుడు దాన్ని పట్టించుకోవడం మానేసేదాకా. కరెంట్ పోయిన ఫ్రేములోనే ఫ్రిజ్ కట్. ఫ్యాన్ మాత్రం రెక్కలు నెమ్మదిస్తూ ఆగాలి, అదీ ఒక్కసారే కట్ చేస్తే ఎడిటింగ్ తప్పులా వినిపిస్తుంది. ఆ ఖాళీలోకి కీచురాళ్ళు మెల్లగా పైకి రావాలి.

తర్వాత ఆ కీచురాళ్ళని ఠక్కున ఆపేయండి. మనిషి దగ్గరికొస్తే అవి నిజంగానే ఆగిపోతాయి. పల్లెలో పెరిగినవాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. అక్కడ కూడా ట్రాక్ పూర్తి సున్నా చేయకండి, ఫోన్ మ్యూట్ అయిందనుకుంటారు. దానికే రూమ్ టోన్ (ఎవరూ మాట్లాడనప్పుడు గదిలో ఉండే సన్నటి చప్పుడు): యూనిట్ అంతా ఎక్కడివాళ్ళక్కడ నిలబడి, ఒక నిమిషం రికార్డ్ చేయండి.

లేపెల్ మైక్ గడ్డానికి జానెడు కింద. గంజి పెట్టిన నేతచీర వద్దు, ప్రతి కదలికకీ గరగరమంటుంది.

షార్ట్‌ఫిల్మ్_సీను
థాంక్స్ అన్నా, థాంక్స్ బాబాయ్. సౌండ్‌లో అడుగున 50 హెర్ట్జ్ డ్రోన్ (ఆగకుండా సాగే లోతైన హమ్) ఒకటి వేశాను. హెడ్‌ఫోన్స్‌లో అదిరింది, ఫోన్‌లో అసలు వినబడట్లేదు.

బూమ్_మైక్
ఫోన్ స్పీకర్ అంత కిందికి పలకదు. అదే డ్రోన్‌కి 200 నుంచి 400 హెర్ట్జ్ మధ్య ఇంకో పొర సన్నగా కలపండి. నన్నడిగితే డ్రోన్ తీసేయడమే మేలు, కీచురాళ్ళు ఆగిన దెబ్బని అది మింగేస్తుంది. యూట్యూబ్‌కైతే మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి ఎంత బిగ్గరగా వినిపిస్తుందో కొలిచే లెక్క) దగ్గర మిక్స్ చేయండి. ఎక్కువుంటే వాళ్ళే తగ్గిస్తారు, తక్కువుంటే పెంచరు.