జర్మనీల రైలా, కిరాయి కారా?

ప్రశ్న: నల్లగొండ నుంచి నలుగురం పోతున్నం. ఫ్రాంక్‌ఫర్ట్, మ్యూనిక్, నోయిష్వాన్‌స్టైన్ కోట. ఏది మేలు?

జవాబు 1: పెద్దూర్ల నడుమ రైలే అన్నా. ఐసీఈ (దూరం పోయే స్పీడు రైలు) స్పార్‌ప్రైస్ అనే తగ్గింపు టికెట్ ముందుగాల తీస్కుంటే చవక, కానీ ఆ బండికే చెల్లుతది. గమ్యానికి 20 నిమిషాలు, ఆపైన లేటయ్యేటట్టుంటే వేరే బండెక్కొచ్చు. సీటు రిజర్వేషన్‌కు వేరే పైసలు. చేస్కోకుంటే, రద్దీ ఉంటే నిలబడుడే.

జవాబు 2: మ్యూనిక్ నుంచి కోట దాకా పోనీకి బయర్న్ టికెట్ (బవేరియా రాష్ట్రంల లోకల్ రైళ్లకు ఒక దినం టికెట్) చాలు. ఒక్కటే టికెట్ మీద 5గురి దాకా పోవచ్చు, మామూలు దినాలల్ల పొద్దుగాల 9 దాటినంకనే. ఐసీఈల నడ్వదు. కోట దగ్గరి ఊరు ఫ్యుస్సెన్‌ల దిగి బస్సెక్కుర్రి.

జవాబు 3: పల్లెలు తిరిగేటట్టయితేనే కారు. ఆటోమేటిక్ కావాలని బుకింగ్‌లనే చెప్పాలె, లేకుంటే గేర్ల బండి అంటగడ్తరు. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఆర్టీఏ ఆఫీసుల ఇక్కడనే తీస్కోర్రి, అసలు లైసెన్సూ ఎంట ఉండాలె. క్రెడిట్ కార్డు నడిపేటోని పేరు మీదుండాలె. బోర్డు, సిగ్నల్ లేని గల్లీ చౌరస్తాల కుడి నుంచొచ్చే బండికి దారియ్యాలె. మనోళ్లు తడబడేది ఆడనే.